క్యాలెండరు కింద అమ్మాయి

మా నాన్నకి జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ కొట్టు ఉండేది. కొత్త సంవత్సరం వస్తోందంటే ఖాతాదారులకి క్యాలెండర్లు పంచడం ఆ బజారులో ప్రతి కొట్టుకీ ఆనవాయితీ. దేవుడి బొమ్మల కాగితాలు శివకాశి నుంచి వచ్చేవి. బొమ్మ కింద ఖాళీగా వదిలిన పట్టీ మీద కొట్టు పేరు మా ఊరి ప్రెస్సులోనే అచ్చేయించుకునేవాళ్ళం. దాని కింద తేదీల బొత్తి. ఏడాది అయిపోయినా ఆ క్యాలెండరుని ఎవరూ పారేసేవారు కాదు. దేవుడి బొమ్మని చెత్తలో ఎలా వేస్తారు? బొత్తి ఊడదీసి బొమ్మని అలాగే గోడకి ఉంచేసేవారు. కొందరు ఫ్రేము కట్టించి పూజ గూట్లో పెట్టుకునేవారు. అలా మా కొట్టు పేరు చుట్టుపక్కల ఊళ్ళలో ఏళ్ళ తరబడి దేవుడి పాదాల కింద ఉండిపోయేది. నాన్నకి అదొక గర్వం.

తొంభైల్లో ఒక ఏడు, ఆ పట్టీ మీద కొట్టు పేరు పక్కన నా ఫొటో కూడా అచ్చయింది.

నాకు చిన్నతనంలో మూర్ఛ వచ్చేది. మొదటిసారి బళ్ళో, ఎక్కాలు అప్పజెబుతూ పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి నా చేతిలో ఎవరిదో తాళంచెవుల గుత్తి ఉంది, చుట్టూ పిల్లలు గోడకి అతుక్కుపోయి నిలబడి ఉన్నారు. అలా ఇంకోసారి జరిగాక హెడ్మాస్టారు కొట్టుకి వచ్చి, "శెట్టిగారూ, కొన్నాళ్ళు పిల్లని ఇంటిపట్టునే ఉంచండి. ఏదన్నా అయితే మీకు మేం ఏం సమాధానం చెప్పగలం?" అన్నారు. ఆయన మంచిగానే అన్నారు. ఆ కొన్నాళ్ళు మళ్ళీ బడి మొహం చూడనంత కాలమైంది.

మా అమ్మ నాకు చదువు చెప్పింది. తను చదివింది తక్కువే. రేపటి పాఠం ఈ రోజు తను చదువుకుని, అర్థం కానిది నాన్నని అడిగి తెలుసుకుని, వంట చేస్తూ నాకు చెప్పేది. పొట్లాలకి వచ్చిన పాత పేపర్లలో కథల పేజీలు నా కోసం తీసి ఉంచేది. ఈ నాలుగు ముక్కలు ఇలా రాయగలుగుతున్నానంటే ఆ వంటింటి చలవే. పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు ఆ సంగతి తలుచుకోని రోజు నాకు లేదు.

బెజవాడ పెద్ద డాక్టరు బిళ్ళలు రాశారు. అవి వేసుకుంటూ ఉన్నా అప్పుడప్పుడు వచ్చేది. అప్పుడెవరో చెబితే, జి.కొండూరు అవతల ఒక పల్లెలో మూలికల వైద్యం చేసే పెద్దాయన దగ్గరికి నాన్న నన్ను తీసుకెళ్ళాడు. తెల్లటి పంచె, వేళ్ళకి ఎప్పుడూ చూర్ణం వాసన. నా నాడి పట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నారు. నన్ను భయపెట్టకుండా మాట్లాడిన మొదటి వైద్యుడు ఆయనే.

"చూర్ణం ఇస్తా, తేనెలో ఇవ్వండి. ఆ బిళ్ళలు మాత్రం మానిపించొద్దు. నా మందు పని నా మందుది, దాని పని దానిది" అన్నారు నాన్నతో.

నాన్న పెనుగంచిప్రోలు అమ్మవారికి మొక్కుకున్నాడు. పిల్లకి ఏడాది పాటు మూర్ఛ రాకుండా ఉంటే, జరిగిన మేలు పదిమందికీ తెలిసేలా చెప్పుకుంటానని. మేలు పొంది చెప్పకుండా ఊరుకున్నవాడి ఇంటికి మళ్ళీ ఆ కష్టమే వస్తుందని మా ఇళ్ళలో గట్టి నమ్మకం. ఏడాది గడిచింది. నాకు రాలేదు. పదిమందికీ చెప్పడానికి వ్యాపారస్తుడికి తెలిసిన దారి ఒక్కటే కదా, క్యాలెండరు.

అమ్మ ఒప్పుకోలేదు.

"ఆడపిల్ల జబ్బుని ఊరూరా గోడలకి మేకు కొడతారా ఎవరన్నా?"

"జబ్బు కాదే, తగ్గడం. తగ్గడాన్ని చెప్తన్నా."

"తగ్గడం అని రాస్తే జబ్బని చదవరా? సరే, రాస్తే రాశారు, బిళ్ళల సంగతి కూడా రాయండి మరి. రోజూ రెండు పూటలా వేస్తంది నేను."

"అంతా రాయడానికి అదేమన్నా మీ పుట్టింటి గోడా? జానెడు పట్టీ."

నాకు పట్టు పరికిణీ కట్టించి స్టూడియోకి తీసుకెళ్ళారు. స్టూడియో ఆయన "నవ్వమ్మా, నీకేగా తగ్గింది" అన్నాడు. నవ్వాను. నాకు నిజంగానే సంతోషంగా ఉంది. పైన శ్రీనివాసుడు, కింద రెండు జడలతో నేను, నా పక్కన అచ్చులో: "మా అమ్మాయికి మూర్ఛ తగ్గింది. అమ్మవారి దయ, వైద్యులవారి చలవ." దాని కింద ఆ పెద్దాయన పేరు, ఊరు.

ఆ ఏడంతా నేను బజారులో నడిస్తే "క్యాలెండరు పిల్ల" అయ్యాను. కూరగాయల ఆవిడ "ఇవాళ తిథేంటమ్మా?" అని నన్నే అడిగేది, నవ్వుతూ. ఇంకొందరు నేను గుమ్మంలో నిలబడితే తమ పిల్లల్ని కాస్త పక్కకి జరుపుకునేవారు. రెండూ నాకు కనిపించేవి. మొదటిదానికి నవ్వి, రెండోదానికి తల దించుకోవడం అలవాటైంది. నాన్నకి మాత్రం మొదటిదే కనిపించేది.

పెళ్ళికి అది అడ్డవుతుందని అమ్మ బెంగపడ్డట్టు ఏమీ జరగలేదు. దేవుడి దయవల్ల మంచి మనుషులే దొరికారు. నందిగామలో కోర్టు దగ్గర జిరాక్సు షాపు వాళ్ళు. పెళ్ళిచూపుల్లో మా ఆయన నవ్వుతూ అన్న మొదటి మాట ఇదీ: "మిమ్మల్ని కొత్తగా చూసేదేముందండీ, మా వంటింట్లో ఉప్పు డబ్బా పైన ఎప్పట్నించో ఉంటన్నారుగా." పెద్దవాళ్ళు కంగారుపడ్డారు. నాకు మాత్రం ఆ నవ్వులో ఏ దాపరికమూ కనిపించలేదు. జబ్బు సంగతి, బిళ్ళల సంగతి అన్నీ చెప్పే ఒప్పుకున్నాం. అప్పటికే బెజవాడ డాక్టరు గారు బిళ్ళలు మెల్లమెల్లగా తగ్గించి ఆపేశారు. చూర్ణం దానికంటే ముందే ఆపేశాం.

రెండువేల సంవత్సరం దాటాక మా ఆయన జిరాక్సు మిషను పక్కన కంప్యూటర్లు పెట్టి నెట్ సెంటరు చేశారు. పరీక్షల ఫలితాల రోజున ఆ గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. నేను మాత్రం ఆ పెట్టెల జోలికి పోయేదాన్ని కాదు.

ఒక కార్తీకమాసంలో పుట్టింటికి వెళ్ళాను. కొట్టులో నాన్నకి కాఫీ ఇవ్వడానికి వెళ్తే, అరుగు మీద ఒకావిడ కూతురితో కూర్చుని ఉంది. చెవిటికల్లు నుంచి బస్సులు మారి వచ్చారట. పాప మోచేతి కింద అంతా కాలిన మచ్చ, ఇంకా ఎర్రగా, మెరుస్తూ ఉంది.

ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న ప్లాస్టిక్ కవరు లోంచి ఒక కాగితం తీసి, దాన్ని చూసి, నన్ను చూసి, "మీరేనా అమ్మా? జడలు లేవు గానీ మీరే" అంది.

ఆ కాగితం మీద నా ఫొటో. నా పట్టు పరికిణీ, నా నవ్వు. పైన దేవుడు లేడు. పక్కన మాత్రం మా నాన్న అచ్చేయించిన మాటలు కావు, వేరే మాటలు ఉన్నాయి. "నేను ఇంగ్లీషు బిళ్ళలన్నీ మానేసి ఈ చూర్ణం ఒక్కటే వాడాను. నా మూర్ఛ పూర్తిగా నయమైంది." నా పేరు, మా ఊరు కూడా ఉన్నాయి.

"ఎక్కడిదమ్మా ఇది?" అన్నాను.

"కంచికచర్లలో మా తమ్ముడు నెట్‌లో తీయించాడు. మీది చూసే మా పిల్లకి కూడా బిళ్ళలు ఆపేశామమ్మా. చూర్ణం పోస్టులో తెప్పించాం. ఆపిన కొన్నాళ్ళకే పొయ్యి దగ్గర పడింది." పాప చెయ్యి పట్టుకుని చూపించింది. "మీకు మానేశాక ఎన్నాళ్ళకి తగ్గిందో అడుగుదామని వచ్చా. ఇంకెన్నాళ్ళు ఓపిక పట్టాలో చెప్పండి చాలు."

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"నేను మానలేదమ్మా. డాక్టరు గారు ఆపమనేదాకా పూట తప్పకుండా వేసుకున్నా."

ఆవిడ కాగితాన్ని నా ముందుకి చాపింది. "మరి మానేశానని మీరే చెప్పారుగా, ఇందులో?"

ఆ మాట ఈ రోజుకీ నా చెవుల్లో ఉంది. ఆవిడ నన్ను నిందించలేదు. తను ఏదో తప్పు చదివిందేమోనని భయపడుతూ అడిగింది. గల్లా పెట్టె వెనక నాన్న తల ఎత్తలేదు. వాళ్ళిద్దరికీ అమ్మ అన్నం పెట్టింది. పాపని మళ్ళీ బెజవాడ చూపించమని, బిళ్ళలు ఒక్క పూట కూడా ఆపొద్దని నేను ఆవిడ చేతులు పట్టుకుని చెప్పాను. బస్సెక్కేటప్పుడు పాప నా వైపు తిరిగి, "క్యాలెండర్లో కూడా ఉన్నావంటగా?" అని అడిగింది.

నందిగామ వచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన కంప్యూటరు ముందు కూర్చుని వెతికారు. దొరికింది. పెద్దాయన పేరుతో చూర్ణం డబ్బా బొమ్మ, దాని పక్కన నేను. పన్నెండేళ్ళ పిల్లనై, నేనెన్నడూ అనని మాట అంటూ, ఆ గాజు తెర మీద నవ్వుతున్నాను.

కోర్టు నుంచి కాగితాలు టైపు చేయించుకోవడానికి వచ్చే ప్లీడరు గారొకాయన ఉండేవారు. మా ఆయన ఆయన్ని కూర్చోబెట్టి చూపించారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, నన్ను అడిగారు.

"ఫొటో ఎవరిచ్చారమ్మా?"

"నాన్నండి. క్యాలెండరుకి."

"వీళ్ళకి ఇచ్చారా?"

"లేదండి."

"అప్పుడు మీరు మైనరు. నాన్నగారు చెప్పింది కృతజ్ఞత. అది మందు అమ్ముకోండని రాసిచ్చినట్టు కాదు. మీ ముఖం, మీ జబ్బు, ఈ రెండూ మీ సొంతం. మీరు అనని మాట మీ నోట పెట్టి సరుకు అమ్మడం కుదరదు, కోర్టుకి చెప్పుకోవచ్చు. నెట్‌కి కొత్తగా ఓ చట్టం వచ్చింది గానీ, ఇలాంటి సంగతి సూటిగా అందులో ఉన్నట్టు నాకైతే కనపడలా. పాత దారులే వెతకాలి." ఆయన ఆగి, గొంతు తగ్గించారు. "ఇంకోటుంది. మూర్ఛ నయం చేస్తామని ప్రకటన వెయ్యడమే నేరం. పాత చట్టమే, ఎవరూ పట్టించుకోరు. నేను నోటీసు రాస్తే అది రాయకుండా ఉండలేను. రాస్తే సంగతి ఫొటోతో ఆగదు. ఆ పెద్దాయన పేరు మీదికి పోద్ది."

నోటీసు టైపు చెయ్యడానికి మా ఆయన అక్కడే కుర్చీ లాక్కున్నారు. నేనే వద్దన్నాను, నాన్నకి చెప్పకుండా వద్దని.

జగ్గయ్యపేట వెళ్ళి చెప్తే, నాన్న వినగానే గల్లా పెట్టె మూసేసి ఇంట్లోకి వచ్చాడు.

"నిన్ను బతికించినాయన మీద కేసు పెడతావా తల్లీ? రేపు అమ్మవారి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను నేను?"

అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది: "బతికించింది అమ్మవారు. బిళ్ళలేసింది నేను. ఆ పిల్ల చెయ్యి కాలింది మీ పట్టీ మీద చోటు చాలక."

మా ఇంట్లో అమ్మ నాన్నని అంత మాట అనడం అదే మొదలు, అదే చివర. నాన్న చెప్పులేసుకుంటూ, "నోటీసొద్దు. పద, మనమే వెళ్ళి అడుగుదాం" అన్నాడు.

దారిపొడుగునా బస్సులో నాన్న కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు అదే దారిన నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళినవాడు. నేను ఎవరి పక్షాన వెళ్తున్నానో నాకే తెలియలేదు. మనసులో అమ్మవారిని ఒక్కటే అడిగాను, ఇద్దరు పెద్దవాళ్ళలో ఎవరినీ తల దించుకునేలా చెయ్యొద్దని.

పెద్దాయన బాగా వంగిపోయారు. చూపు మసకబారింది. నా గొంతు విని, "మా క్యాలెండరు తల్లా? రా అమ్మా" అన్నారు. ఆయన తల వెనక గోడకి అదే క్యాలెండరు, గాజు ఫ్రేములో. దానికి రోజూ పువ్వు పెడతారట. చూర్ణం వ్యాపారమంతా అల్లుడు చూస్తున్నాడు. సంగతి చెప్పగానే ఆ అల్లుడే అందుకున్నాడు.

"మేం కొత్తగా పెట్టిందేముంది బాబాయిగారూ? మీరు అచ్చేయించిందేగా. ఊరూరా పంచిందే నెట్‌లో పెట్టాం."

"నేను మా ఖాతాదారులకి పంచుకున్నా నాయనా."

"నెట్ చూసేవాళ్ళు కూడా ఖాతాదారులేనండి. కాపోతే మీకంటే కాస్త ఎక్కువమంది."

పెద్దాయన చెయ్యెత్తి అల్లుడిని ఆపారు. "ఏం రాశారో చదువు" అన్నారు నాన్నతో.

చెవిటికల్లు ఆవిడ వదిలి వెళ్ళిన కాగితాన్ని నాన్న జేబులోంచి తీసి, లెక్క చదివినట్టు చదివాడు. బిళ్ళలన్నీ మానేసి అన్న చోట ఆగాడు. ఆ ముక్క మళ్ళీ మొదట్నించి చదివాడు.

పెద్దాయన నా వైపు తిరిగారు. "ఆ మాట నేను ఎప్పుడన్నా అన్నానా అమ్మా?"

"లేదు తాతగారూ. మానొద్దన్నారు. మా అమ్మకి కూడా అదే చెప్పి పంపారు."

"ఏదన్నా జరిగిందా?"

నేను పాప చెయ్యి సంగతి చెప్పాను. ఆయన మెల్లగా లేచి, గోడ తడుముకుంటూ ఫ్రేము దగ్గరికి వెళ్ళి, దాన్ని మేకు నుంచి తీసి నాన్న చేతిలో పెట్టారు. "దీనికి ఇన్నేళ్ళూ దండం పెట్టుకుంటన్నా. తీసుకుపో శెట్టీ. ఒరే, అది ఇవాళే తీసెయ్యి" అన్నారు. రెండోమాట అల్లుడితో. మమ్మల్ని మంచినీళ్ళు తాగమని కూడా అనలేదు. కోపం వల్ల కాదు. ఆయన కళ్ళలో నీళ్ళు ఉన్నాయి.

ఆ ఇంటికి నాన్న మళ్ళీ వెళ్ళలేదు. పండగకి పంపే బెల్లం బుట్ట కూడా ఆ ఏటి నుంచి ఆగిపోయింది. ఎవరు ఎవరి మీద అలిగారో ఇద్దరూ చెప్పలేదు. పెద్దాయన పోయారని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన పట్ల నా మనసులో ఉన్న కృతజ్ఞత అలాగే ఉంది, చెప్పుకోవడానికి చోటే లేకుండా పోయింది.

అల్లుడు మామగారి మాట విన్నాడు. వాళ్ళ పేజీలోంచి నన్ను తీసేశాడు. హమ్మయ్య అనుకుని అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాను. కొన్ని నెలలు గడిచాక మా ఆయన షాపు నుంచి ఇంటికి వచ్చి, భోజనం ముందు కూర్చుని అన్నం కలుపుతూ ఆగిపోయారు. "ఇంకో చోట కనపడ్డావు" అన్నారు. ఎవరో ఆ ఫొటోని ఎత్తుకెళ్ళి పిల్లల జ్ఞాపకశక్తి పెంచే లేహ్యానికి పెట్టుకున్నారు. అక్కడ నా పేరు వేరు, నా ఊరు వేరు. ఆ తర్వాత ఇంకో చోట జుట్టు నూనెకి, నా రెండు జడల కోసం. ప్లీడరు గారు ఒకదానికి నోటీసు పంపితే ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది. "నోటీసు ఇవ్వడానికి ఒక గుమ్మం ఉండాలి కదమ్మా" అన్నారాయన, పాపం, తనదే తప్పన్నట్టు.

నాన్నకి నెట్ అంటే ఏమిటో మా ఆయన ఎన్నోసార్లు చెప్పారు. అర్థమయ్యిందో లేదో. ఆయన మాత్రం తన చేతనైన పని మొదలుపెట్టాడు. కొట్టుకి సెలవున్న రోజు మోపెడ్ మీద పాత ఖాతాదారుల ఊళ్ళకి బయలుదేరేవాడు. ఒకసారి మా ఊరి పక్క పల్లెకి నేనూ వెళ్ళాను. ఇంటావిడ ఆశ్చర్యపోయింది.

"ఎప్పుడో ఇచ్చిన క్యాలెండరు ఇప్పుడు అడగడానికొచ్చారా శెట్టిగారూ? పూజ గూట్లో ఉంది. దేవుణ్ణి ఎట్టా ఇస్తానండి?"

"దేవుడు మీకే ఉంటాడమ్మా. కింద పట్టీ ఒక్కటి కత్తిరించుకుంటా."

"ఎందుకండీ, అమ్మాయి బంగారంలా నవ్వుతంటేను?"

నాన్న చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, బొమ్మకి దండం పెట్టి, జేబులోంచి కత్తెర తీశాడు. స్వామి పాదాలకి తగలకుండా, పంటి కింద నాలుక నొక్కిపెట్టి, కింద పట్టీ మాత్రం కత్తిరించాడు. అలా ఎన్ని ఇళ్ళు తిరిగాడో నాకు తెలియదు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు తిరిగాడు. ఇంటికి వచ్చాక నాకు ఫోను చేసి, "అక్కడ తీసేశారా?" అని అడిగేవాడు. అక్కడ అంటే నెట్‌లో. "చూస్తన్నాం నాన్నా" అనేదాన్ని.

చెవిటికల్లు పాప మళ్ళీ బిళ్ళలు వేసుకుంటోందని, బడికి వెళ్తోందని వాళ్ళమ్మ ఒకసారి ఫోను చేసి చెప్పింది. ఆ రోజు నేను చెప్పబట్టే పిల్ల దక్కిందని ఆవిడ నాకు కృతజ్ఞతలు చెప్పింది. ఫోను పెట్టేసి దేవుడి గది ముందు కూర్చున్నాను. పిల్ల బాగుంది, దానికి దండం పెట్టుకున్నాను. ఆ చేతి మచ్చకి ఏం చెప్పుకోవాలో తెలియక అలాగే కూర్చున్నాను.

నాన్న పోయాక, ఆయన కత్తిరించి తెచ్చిన పట్టీలు ఒక బట్టల కొట్టు సంచిలో దొరికాయి. పెద్దాయన ఇచ్చిన గాజు ఫ్రేము కూడా వాటితోనే ఉంది. పాత దేవుడి బొమ్మలైతే కృష్ణలో కలుపుతాం. బతికున్న కూతురి ముఖాన్ని నీళ్ళలో ఎలా కలుపుతామంది అమ్మ. పొయ్యిలో పెట్టడం అసలే కూడదు. చింపడానికి నా చేతులు రాలేదు. ఆ సంచి ఇప్పుడు నందిగామలో మా ఇంట్లో, అటక మీద ఉంది.

అవైనా నా చేతికి వచ్చాయి. మిగతా చోట్ల ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. అప్పుడు ఆమెకి నిజంగానే సంతోషంగా ఉండింది.